మామ పిస్తోలుకు అత్తమ్మ కట్టిన పసుపు దారం

మొన్న పొద్దున చాయ్ తాగుతుండగా ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. ఎలక్షన్లు వస్తున్నాయి, మీ పేరు మీదున్న ఆయుధం తెచ్చి జమ చెయ్యండి అని ఒక ఆడపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, చివర్లో కొంచెం అనుమానంగా, "లైసెన్సు మీదేనా అమ్మా, మీ సార్‌దా?" అని అడిగింది. నాదే బిడ్డా అన్నాను. ముప్పై అయిదేళ్లుగా ఎంతమంది ఈ ప్రశ్న అడిగారో నాకే గుర్తు లేదు, అందుకే కోపం కూడా రాలేదు.

ప్రతి ఎలక్షన్‌కూ ఇది ఉన్న తంతే. పిస్తోలును తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టి, ఠాణాలో ఇచ్చి, రసీదు తెచ్చుకుని, అన్నీ అయిపోయాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవడం. ఈసారి మాత్రం తిరిగి తెచ్చుకోవద్దని ఆ చాయ్ చల్లారేలోపే నిర్ణయించుకున్నాను. కళ్లకు పొర వచ్చింది, మణికట్టు నొస్తుంది, సంగారెడ్డిలో బడిపంతులమ్మగా పనిచేసే నా కూతురికి దాన్ని ముట్టుకోవడమే ఇష్టం లేదు. ఇక నేను దాచి ఎవరి కోసం? అంత తేలిగ్గా అనుకున్నానా, ఇనుప బీరువా తెరిచి తువ్వాల విప్పగానే ఆ నూనె వాసన ముక్కుకు తగిలి, మంచం మీద కూలబడిపోయాను.

అది మా మామగారిది. ఆయన ఊరికి పటేల్‌గా ఉన్న కాలంలో తీసుకున్నది. రివాల్వర్ అని కాగితాల మీద ఉంటుంది కానీ మా ఇంట్లో, ఊళ్లో అందరికీ అది పిస్తోలే. సినిమాల్లో జేబులోంచి తీసే బుల్లి వస్తువు కాదది. గొట్టమే జానెడు పొడుగు, బరువు కిలోకు పైనే, తూటా నా బొటనవేలంత లావు. ఆరు తూటాలు పట్టే చక్రం తిరుగుతుంటే చేతి గడియారానికి కీ ఇచ్చినట్టు చప్పుడయ్యేది. మామ దాంతో ఎవరినీ బెదిరించగా నేను చూడలేదు, విననూ లేదు. ఏడాదికి ఒక్కసారి, దసరా నాడు మాత్రమే అది ఊరందరికీ కనబడేది.

మన వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో దసరా అంటే ఇంట్లోని ఇనుమంతటికీ పండగే. మా ఇంట్లో పీట మీద కొడవళ్లు, గొడ్డళ్లు, నాగలి కర్రు, తర్వాతి కాలంలో మా ఆయన ట్రాక్టర్ పానాలు, వాటన్నిటి మధ్య పెద్దకొడుకులా ఈ పిస్తోలు. అత్తమ్మ అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, పసుపు కొమ్ము ముడివేసిన దారం కట్టేది. సాయంత్రం జమ్మికి వెళ్లేముందు ఊరి బయట ఎర్రమట్టి గడ్డకు ఆనించి ఒక బూడిద గుమ్మడికాయ పెట్టి, ఇంటిపెద్ద ఒకే ఒక్క తూటా కాల్చేవాడు. పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాళ్లు, కుక్కలు పక్కూరు ఇంద్రేశం దాకా పారిపోయేవి, కాయ పగలగానే డప్పులు మోగేవి, అప్పుడు అందరం జమ్మికి. మామ పోయాక మా ఆయన కాల్చాడు. ఆయన గురి మామ గురికన్నా మంచిదని అత్తమ్మ చాటుగా ఒప్పుకునేది.

మా ఆయన జ్వరమొచ్చి పదిహేను రోజుల్లోనే పోయాడు. అప్పటికి కూతురు రెండో తరగతి. ఆయన వంతు పొలం పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు ఉండేది. ఒకవైపు మక్కచేను, దాని పక్కనే ప్రహరీ గోడ, గోడ మీంచి మందుల వాసన. ఆ చుట్టుపక్కల భూములు ఒకదాని వెనక ఒకటి అమ్ముడుపోతున్న కాలం. మా మరిదికి కూడా అమ్మాలనే ఉండేది. చెడ్డవాడు కాదు, నా కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపించినవాడే, కానీ ఆడమనిషికి భూమి సంగతి ఏం తెలుస్తుందని నిజాయితీగా నమ్మినవాడు. నాకేమో చేను అమ్మితే నేనూ నా బిడ్డా ఒకరి దయ మీద బతకాల్సి వస్తుందనే భయం.

మా ఊరి లెక్కలో పిస్తోలు ఎవరి చేతిలో ఉంటే ఇంటిపెద్ద వాళ్లే. అందుకే లైసెన్సు నా పేరు మీదికి మార్పించుకుంటానన్నప్పుడు ఇంట్లో గొడవైంది. ఆఫీసుల్లో అడుగడుగునా నవ్వారు. ఒక గుమాస్తా అయితే నా మొహం మీదే, "రొట్టెలు చేసుకునేదానికి పిస్తోలేందమ్మా!" అన్నాడు. రొట్టెలు కూడా బాగానే చేస్తానని చెప్పి, కాగితం అక్కడే పెట్టి, బల్ల ముందు నిలబడ్డాను. ఏడాది తిరిగాక లైసెన్సు వచ్చింది. అప్పుడు కులపెద్దలు కూర్చుని ఒక మాట చెప్పారు. దసరా నాడు ఊరి ముందు కాల్చిందా, పిస్తోలూ ఆమెదే, తన వంతు పొలం మీద మాటా ఆమెదే. కాల్చలేక చేతులెత్తేస్తే రెండూ మరిదికి. తీర్పు అట్లా ఉంటుందా అని నా కూతురు ఇప్పుడు నవ్వుతుంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

నాకు కాల్చడం నేర్పింది మా చేను పక్క ఫ్యాక్టరీ గేటు కాడ కాపలా ఉండే చాచా. మిలిటరీలో ఇరవై ఏళ్లకు పైగా చేసి వచ్చినవాడు, జహీరాబాద్ వైపు మనిషి. మా ఆయన రోజూ చేనుకు వెళ్తూ ఆయనకో కంకో, దోసకాయో ఇచ్చి కాసేపు ముచ్చట పెట్టేవాడట. అంతకుమించి మాకు ఆయన ఏమీ కాడు. పోలీసులు తుపాకులు కాల్చడం నేర్చుకునే గుట్ట కింది మైదానాన్ని అందరూ చాంద్‌మారీ అనేవారు. ఎవరెవరినో బతిమాలి, అక్కడ ఆదివారాలు నేర్చుకోవడానికి నాకు పర్మిషన్ ఇప్పించాడు. ఏమివ్వమంటావు చాచా అంటే, జొన్నరొట్టె, పుంటికూర పట్టుకురమ్మన్నాడు. ఆరు నెలలు ఆయన తీసుకున్నది అదే.

మొదటి నెల తూటా ముట్టనివ్వలేదు. ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి, చెయ్యి చాచి పట్టుకుని, చుక్క ఒలకకుండా వంద లెక్కపెట్టమన్నాడు. వాకిట్లో నేనట్లా చెంబు పట్టుకుని నిలబడితే అత్తమ్మకు గుబులు పుట్టి, దిష్టి తీసింది పాపం. ఆ తర్వాత పిస్తోలు ఇచ్చి, మీట బిగువుగా ఉంటుంది కాబట్టి వెనకున్న సుత్తిని ముందే బొటనవేలితో లాగి పెట్టుకోవడం నేర్పాడు. ఆ సుత్తిని ఆయన గుర్రం అనేవాడు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది మాత్రం ఒక్కటే. "బేటీ, గుర్రం పడ్డంక గోలీ పేలకపోతే ఎన్కకు తిరుగొద్దు. ఎవ్వరికీ ఇయ్యొద్దు. మీట మీదికెల్లి వేలు తీసి, గొట్టం మట్టి దిక్కే పెట్టి ముప్పై లెక్కపెట్టు. దునియా నవ్వనియ్."

మొదటిసారి నిజంగా కాల్చినప్పుడు నా చేతులు రెండూ నెత్తి మీదికి లేచిపోయాయి, చెవుల్లో హోరు సాయంత్రం దాకా పోలేదు. కానీ ఆ పొగ వాసన, భుజాల దాకా పాకిన ఆ అదురు నాకు నచ్చాయి. చెప్పుకోవడానికి సిగ్గేముంది, చాలా నచ్చాయి. మా ఆయన పోయిన రెండేళ్లలో నేను మనసారా నవ్వింది ఆ రోజే, చాచా కూడా గడ్డం తడుముకుంటూ నవ్వాడు.

ఇక దసరా వచ్చింది. అత్తమ్మ ఎప్పటిలాగే అన్నిటికీ పూజ చేసి, కొడుకు గుర్తొచ్చిందేమో, పిస్తోలుకు మాత్రం ఈసారి దారం రెండు వరసలు వేసి పిడికి గట్టిగా కట్టింది. సాయంత్రం గడ్డ దగ్గర ఊరంతా ఉంది. కులపెద్దలు నులక మంచాల మీద కూర్చున్నారు, వాళ్ల వెనక చాచా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఒక తూటా వేసి, కొంగు నడుముకు దోపి, గుర్రం లాగి, గుమ్మడికాయకు గురిపెట్టి మీట నొక్కాను.

టక్కుమని చిన్న చప్పుడు, అంతే. తూటా పేలలేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పొలం పోయింది అనుకున్నాను. మరిది గబగబా నా పక్కకు వచ్చి చెయ్యి చాపి, "ఇగ ఇటియ్యి వదినె, నేను సూస్త" అన్నాడు. ఇచ్చేస్తే అయిపోయేది, పరువు పోయినా ఆ నిలబడటం తప్పేది. వేలు తీశాను. గొట్టం మట్టి వైపే పెట్టి లెక్క మొదలుపెట్టాను. నేను ఇవ్వకపోయేసరికి మరిది, ఏం అడ్డం పడిందో చూద్దామని ముందుకు వంగి గొట్టం వైపే తల పెట్టబోయాడు. ఇంట్లో మరిది ఎదుట గొంతెత్తి ఎరగని నేను, ఊరంతా వినేలా అరిచాను. "జరుగు! తల తియ్, పక్కకు జరుగు!"

ఆయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను పద్దెనిమిది, పందొమ్మిది అని పైకే లెక్కపెడుతున్నాను, జనం నవ్వుతూనే ఉన్నారు. ముప్పై అయ్యాక చూస్తే, పిడికి కట్టిన దారం జారి, ఆ పసుపు కొమ్ము ముడి సరిగ్గా గుర్రం కింద ఇరుక్కుని ఉంది. కింద తూటా అట్లాగే ఉంది. ఎవరైనా లాక్కుని ఆ దారం పీకి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు. గుర్రాన్ని బొటనవేలితో వెనక్కి లాగి పట్టుకుని, తల తిప్పకుండానే పిలిచాను. "అత్తమ్మా, నువ్వు కట్టిన దారం అడ్డం పడ్డది. నువ్వే తియ్యాలె. నా ఎన్కకెల్లి రా."

డెబ్బై ఏళ్ల మనిషి, ఏ బెరుకూ లేకుండా వచ్చి నా భుజం వెనక నిలబడి, పళ్లు బిగబట్టి ఆ ముడి విప్పింది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతూ ఉంది. గుర్రం మెల్లగా దించి, చక్రం తెరిచి, సొట్టపడిన తూటా తీసి కొత్తది వేసి మళ్లీ నిలబడ్డాను. ఈసారి ఊరు దద్దరిల్లింది. కాయ మాత్రం పగల్లేదు, జానెడు కింద మట్టి లేచింది. మంచాల మీద ఒకాయన, గురి తప్పింది కదా అన్నాడు. అప్పుడు మా మరిది, మొహమింకా పాలిపోయే ఉంది, "తప్పలే పెద్దయ్యా. నా తల దప్పిచ్చింది. వదినె పొలం వదినెదే, ఇగ ఆ ముచ్చట తియ్యకుండ్రి" అన్నాడు. చాచా వెళ్తూ వెళ్తూ నాకు సెల్యూట్ చేశాడు.

ఆ పొలం మీద నా బిడ్డ చదివింది, నేను ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికాను. తర్వాత ఎప్పుడో నా ఇష్టంతోనే, నా సంతకంతోనే సగం అమ్మాను. ఆ మరుసటి దసరా నుంచి అత్తమ్మ పిస్తోలుకు బొట్టు మాత్రమే పెట్టింది. దారం నా కుడి మణికట్టుకు కట్టేది, "చెయ్యి మంచిగుంటే సాలు బిడ్డా" అని. ఆమె పోయేదాకా ఒక్క ఏడూ తప్పలేదు. చాచా ఏనాడో సొంతూరికి వెళ్లిపోయాడు, ఆయనకు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పుకోలేకపోయాను. ఇదిగో, ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

నిన్న ఠాణాలో, ఇక తిరిగి తీసుకోనని నేను చెబితే, ఫోన్ చేసిన ఆ పిల్లే కాగితాలు రాసుకుంది. అలవాటుగా గొట్టం ఇసుక బకెట్ వైపు తిప్పి చక్రం తెరిచి చూపిస్తే, "మంచిగ నేర్పిన్రమ్మా మీకు ఎవరో" అంది. అవును బిడ్డా, చాలా మంచిగ నేర్పిన్రు అన్నాను. ఎర్రమట్టి గడ్డ ఉన్న చోట ఇప్పుడు మూడు వరసల ఫ్లాట్లు. పండగపూట కాల్చడం చట్టం ఒప్పుకోదు, ఇంతమంది జనం మధ్య ఒప్పుకోకూడదు కూడా. జమ్మి ఆకు మాత్రం ఆ ఫ్లాట్ల లిఫ్ట్ దగ్గర ప్లాస్టిక్ సంచిలో దొరుకుతుంది. ఖాళీ సంచితో ఇంటికి వస్తుంటే, కిలో బరువు తగ్గిన చెయ్యి ఎందుకో ఎక్కువ బరువుగా ఉంది.

సాయంత్రం కూతురు వచ్చి బీరువాలో ఖాళీ చోటు చూసి, ఈ దసరాకు పీట మీద ఏం పెడదామమ్మా, పసుపు దారం దేనికి కడదాం అని అడిగింది. నేను కుడిచెయ్యి చాపాను.