చిన్నమ్మ చీర, చిన్నాయన తెర

మా చిన్నాయన పోయినాడు. పోయిన శుక్రవారం పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తి, ఊదిబత్తి ముట్టించి, కుర్చీలో కూర్చున్నోడు మళ్లీ లేయలేదు. గుండె నిలిచిపోయిందన్నారు. తమిళనాడు ధర్మపురిలో గానీ, కారిమంగళం, పాపారపట్టి పక్క గానీ మీ ఇంట్లో పెండ్లి జరిగి ఉంటే, ఆల్బంలో మీ మొగాలు ఆయన దిద్దినవే అయ్యుండొచ్చు. ఆయనకు తెలుగు మాట్లాడను వచ్చు, చదవను రాదు. ఉండి ఉంటే ఇది నేనే చదివి వినిపించాల్సింది. "పొగిడింది చాల్లే, పని చూడు" అనేవాడు.

ఫోటోలు దిద్దే పని నాకు నేర్పింది ఆయనే. నేను మచ్చలన్నీ మాయం చేయబోతే చెయ్యి పట్టుకునేవాడు. "మొగం సట్టి కాదు పాపా, అంతగా తోమొద్దు. రేపు వాళ్లమ్మ చూసి ఎవురీ పిల్ల అంటుంది." నల్లనోళ్లను తెల్లగా చేయమని ఎవరన్నా పట్టుబడితే, "సున్నం కొట్టేవాళ్లు పక్క వీధిలో ఉన్నారు" అనేసేవాడు. గిరాకీ పోయేది. పోతే పోనీలే అని నవ్వేవాడు.

కంప్యూటరుకు పెద్ద తెర కొనాలనే మాట ఒక తగువులో పుట్టింది. కారిమంగళంలో ఒక పెండ్లి తీసినాము. పెండ్లికూతురిది అరక్కు రంగు చీర, అంటే ముదురు లక్క రంగు. మా పాత తెరలో బాగానే కనిపించింది. ఆల్బంలో చూస్తే పండుమిరపకాయ ఎరుపు! వాళ్లమ్మ ఆ చీరనే సంచిలో వేసుకొని వచ్చి బల్ల మీద పరిచింది. "నా కూతురు కట్టింది ఇదయ్యా. ఆ బొమ్మలో ఉండేది ఎవురి చీర?" మావాళ్లు తరతరాలుగా గుడ్డల బేరం చేసినోళ్లు. చీర రంగు తప్పడమంటే చిన్నాయనకు మనిషిని వేరే పేరుతో పిలిచినట్టే. ఆల్బం మొత్తం మళ్లీ వేసిచ్చినాడు.

ఇంక తెర ఎంచే పంచాయితీ మొదలైంది. ఆయనకు చూపు తగ్గతా ఉండె, అందుకని టీవీ అంత తెర కావాలన్నాడు. "పెద్దగా ఉంటే చాలదు చిన్నాయనా, చుక్కలు సన్నగా, ఒత్తుగా ఉండాల. లేకుంటే కనురెప్పలు చీపురుపుల్లల మాదిరి కనిపిస్తాయి. ఇరవై ఏడు అంగుళాలు, ఫోర్‌కే తీసుకుందాం" అన్నాను. "ఆ ఫోరేందో నువ్వు చూసుకో, రంగు నేను చూసుకుంటా" అన్నాడు. సేలం పోయే రోజు చంకలో సంచితో బస్సెక్కినాడు. అంగట్లో విప్పితే ఏముంది, చిన్నమ్మ పెండ్లి చీర! అదీ అరక్కే.

అంగట్లో తెరలన్నీ నెమళ్లను, పూలను చూపిస్తా ధగధగమంటున్నాయి. ఆయన ముందే తీసి తెచ్చుకున్న ఆ చీర ఫోటోను ఒక్కో తెర మీద పెట్టించి, పక్కన చీర కొంగు పట్టి చూసినాడు. అంగడోళ్లు ఒకటే నవ్వు. అన్నిటికంటే జిగేలుమనేదాన్ని "ఇది మెప్పు కోసం పుట్టింది" అని తోసేసినాడు. చివరికి మెరుపు లేకుండా కాస్త మబ్బుగా ఉండే ఒకదాని ముందు నిలబడి, "పాపా, ఇందులో చీర చీరగానే ఉంది" అన్నాడు.

ఇంటికొస్తే చిన్నమ్మ విరుచుకుపడింది. "నా పెండ్లి చీరను సేలమంతా ఊరేగిస్తారా? బుద్ధుందా మీకు?"

"నాకంటే దానికే మర్యాద ఎక్కువ జరిగింది లేవే" అన్నాడు. కోపంలోనే నవ్వేసింది పాపం. అప్పటి నుంచి ఆ చీర స్టూడియో బీరువాలోనే. రోజూ పని మొదలుపెట్టే ముందు కొంగును తెర పక్కన పట్టి చూసుకునేవాడు.

ఇప్పుడు కర్మాంతరానికి ఆయన పటం కావాల. ఊరందరి మొగాలు దిద్దినోడికి తనదంటూ మంచి ఫోటో ఒక్కటీ లేదు. తెర వచ్చిన రోజు నేను తీసింది మాత్రం దొరికింది. కొంగు పట్టుకొని తెర ముందు నిలబడి నవ్వుతున్నాడు. కానీ తెర వెలుగు పడి మొగమంతా నీలం. ఆ నీలం చూస్తే నాకు శుక్రవారం కుర్చీలో చూసిన మొగమే గుర్తొచ్చింది. "దేవుడి పక్కన పెట్టే పటం కదా, కొంచెం తెల్లగా చెయ్యి" అన్నారు చుట్టాలు. ఎట్లా దిద్దినా వేరే ఎవరో వస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నేర్పిన పనితో ఆయన మొగమే తెచ్చుకోలేకపోతిని.

చిన్నమ్మ వచ్చి నా వెనక నిలబడింది. బీరువా తెరిచి చీర తీసింది. ఆయన పట్టినట్టే కొంగును తెర పక్కన పట్టింది.

"మొగాన్ని వదిలెయ్యి పాపా. ఆయన చేతిలో ఉండే చీరను సరిచెయ్యి."

చీర వైపే చూస్తా రంగు జరుపుతూ పోయినాను. ఆ అరక్కూ ఈ అరక్కూ ఒకటయ్యేసరికి నీలం పోయింది. ఎండకు కమిలిన ఆ నలుపు, ముక్కు మీద ఆ అమ్మవారి మచ్చ, అన్నీ వాటంతట అవే వచ్చినాయి.

"వచ్చినారు" అంది చిన్నమ్మ.

చాలు చిన్నమ్మా, ఇంక దించు అన్నాను. ఆమె దించలేదు. తెరలో ఆయన, తెర పక్కన ఆమె, ఒకే కొంగు పట్టుకొని నిలబడినారు.