బొగ్గు ఊరి కొంగలు

నెల రోజులు కూర్చుని నీలం దిండు గలీబు మీద తెల్ల దారంతో రెండు కొంగలు కుట్టాను. కుట్టుపని నాకు కొత్త. ఒక కొంగకు మెడ కాస్త ఎక్కువే సాగింది. వరిపొలాల ఊరి నుంచి మందమర్రికి కాపురానికి వచ్చి మూడు నెలలైంది. ఇక్కడ ఒక్క కొంగా కనబడలేదని బెంగ, అందుకే కుట్టాను.

ఈ రోజు దాన్ని ఉతికి వాకిట్లో దండెం మీద వేసి వంటలో పడ్డాను. తీయబోయేసరికి కొంగలు రెండూ కాకులయ్యాయి. బొగ్గు గని వైపు నుంచి గాలి ఇటు మళ్ళిందట. "గీ ఊర్లె తెల్లయి బయట ఆరెయ్యరు బిడ్డా, ఇంట్లనే ఆరేస్తరు" అని పక్కింటి ముసలవ్వ అప్పుడు చెప్పింది.

మొదటి షిఫ్టు దిగి మా ఆయన వచ్చేసరికి గలీబు ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. కళ్ళు తప్ప మనిషంతా నలుపే. వంగి కొంగల్ని చూశాడు.

"నేను సుత పొద్దుగాల తెల్లగనే పోయిన గదా. నాకు నీళ్లు కాగబెట్టినవు, వాటికి గూడ జర పొయ్యి" అన్నాడు.

ఒకే కాగులోని నీళ్ళు ముగ్గురికీ పోశాను. ఎంత రుద్దినా ఆయన చెవుల వెనక నలుపు పోలేదు, పొడుగు మెడ కొంగ రెక్క కిందా పోలేదు.

ఈసారి నల్ల దారంతో కుట్టుకొమ్మని ముసలవ్వ సలహా. మీరైతే ఏ దారం కొంటారో చెప్పండి. నేను మాత్రం తెల్లదే కొంటాను. మాసినప్పుడల్లా నీళ్ళు కాగబెట్టడానికి నేనున్నాను.