తొమ్మిదో నంబరు కదలని సాయంత్రం

నెవెనా నడిపేది ట్రాలీబస్సు. బండి నెత్తిన ఉండే రెండు పొడుగాటి కమ్మీలు పైనున్న కరెంటు తీగల్ని వదిలేశాయంటే బండి ఉన్నచోటే చతికిలబడుతుంది. అప్పుడామె దిగి, వెనకనున్న తాళ్ళు లాగి, కమ్మీల్ని మళ్ళీ తీగలకి తగిలించాలి. డాన్యూబ్ ఒడ్డునున్న ఆ బల్గేరియా పట్నంలో, కింద బజారు నుంచి కొండమీది పేటకి వెళ్ళే తొమ్మిదో నంబరు మీద ఆమె పెళ్ళైన కొత్తలోనే చేరింది. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది.

మొగుడు కామెన్‌కి తన పాత కారంటే ప్రాణం.

"నీ డొక్కు బస్సులకి పోసే డబ్బు పార్కింగుకి పోస్తే ఊరు బాగుపడేదే," అనేవాడు అన్నం దగ్గర.

"నీ కారు ఇంటిముందు నుంచి కదిలితే కదా పార్కింగు కావాల్సింది!"

"కదిపితే ఆ చోటు ఇంకోడు కొట్టేస్తాడే!"

ఆ శరదృతువులో పురపాలక సంఘం వాళ్ళు కొన్నాళ్ళు సాయంత్రం బండ్లు ఆపి చూడటం మొదలెట్టారు. ఏడింటికి ఆఖరి బండి, ఆ మిగిలిన డబ్బుతో బజార్లో పెద్ద పార్కింగు కట్టాలన్నది వాళ్ళ ఆలోచన. దానిమీద జనం మాట వినడానికి ఆరింటికి సభ పెట్టారు. కొండమీది వాళ్ళంతా తొమ్మిదో నంబరు నిండా ఎక్కి దిగివచ్చారు. కామెన్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పార్కింగు తరఫున మాట్లాడటానికి.

ఏడు కావస్తుండగా నెవెనా సభ జరిగే భవనం ముందు బండి ఆపింది. లోపలి నుంచి ముసలివాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. అందరికంటే ముందు జ్లాటా బామ్మ.

"అప్పుడే అయిపోయిందా బామ్మా?"

"ఎక్కడమ్మా! పెద్దాళ్ళ ఉపన్యాసాలే అవలేదు. ఉందామంటే బండి పోతుంది, వచ్చేస్తే మా మాట పోతుంది."

నెవెనా ఒక్క క్షణం ఆలోచించింది. ఇదే ఆఖరిది, ఆగిపోయినా అడ్డుపడటానికి వెనక ఇంకో బండి లేదు. దిగి వెనక్కి వెళ్ళి రెండు తాళ్ళూ పట్టి ఒక్క గుంజు గుంజింది. బండిలో దీపాలు ఆరిపోయాయి.

"అయ్యో, ఊడిపోయాయి," అంది.

"ఊడిపోవడమేంటే, నువ్వే పీకావు కదా!"

"మీరెళ్ళి తీరిగ్గా మాట్లాడి రండి బామ్మా. ఇది బాగయ్యేసరికి చాలాసేపు పట్టేట్టుంది."

బామ్మ ఫక్కున నవ్వి, మిగతావాళ్ళని వెంటేసుకుని లోపలికి నడిచింది. డిపోలో బండ్ల రాకపోకలు చూసే రూమెన్ ఫోను చేశాడు.

"ఏమైంది నెవెనా?"

"కమ్మీలు ఊడాయి బాబూ."

"తగిలించడానికి ఎంతసేపు?"

"వాళ్ళ మాటలయ్యేదాకా."

"నాకేం వినపడలేదు," అని పెట్టేశాడు.

కాసేపటికి కామెన్ బయటికొచ్చాడు. ఆరిపోయిన బండి చూసి, సాయం చేద్దామని తాడందుకోబోయాడు. నెవెనా చేతిమీద ఒక్కటిచ్చింది. అప్పటికి సంగతి అర్థమైంది అతనికి.

"నీకేమైనా పిచ్చా? ఉద్యోగం పోతుందే."

"పోనీ."

"నేను లోపల పార్కింగు కావాలనే చెప్పొచ్చాను మరి."

"చెప్పు, ఎవరొద్దన్నారు? వాళ్ళనీ చెప్పనీ."

అతను కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పి పక్కనే నిలబడ్డాడు. కిటికీలోంచి జ్లాటా బామ్మ గొంతు ఖంగున వినిపించింది:

"ఇవాళంటే సెలవు పెట్టాను గానీ, రోజూ ఆసుపత్రిలో గిన్నెలు కడిగి నేను బయటపడేది ఎనిమిదింటికి. మీ పార్కింగులో నన్నేం పెట్టుకోమంటారు, నా చెప్పులా?"

హాలంతా ఘొల్లుమంది. కామెన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆ సభ తర్వాత సాయంత్రం బండ్లు మళ్ళీ వచ్చాయి, అన్నీ కాదు, రెండు మాత్రం. పార్కింగూ కట్టారు, అనుకున్నదాంట్లో సగం. నెవెనాకి మెమో ఇచ్చి, శీతాకాలమంతా డిపోలో బండ్లు కడిగించారు. చన్నీళ్ళకి చేతులు పగిలాయి. జనం లేని బండ్లు చూస్తే ఆమెకి దిగులేసేది. వసంతంలో మళ్ళీ తొమ్మిదో నంబరెక్కిన రోజు, మొదటి స్టాపులో తలుపులు తెరుచుకోగానే ఆడవాళ్ళంతా ఒక్కసారే మాట్లాడసాగారు. ఒక్కరి మాటా అర్థం కాలేదామెకి. హాయిగా నవ్వుకుంటూ కొండమీదికి పోనిచ్చింది.