నా రక్తం సంగతి

నాకు పుట్టుకతోనే తలసీమియా. నెలనెలా గుంటూరు వెళ్లి రక్తం ఎక్కించుకోవాలి. యూనివర్సిటీ హాస్టల్లో చేరిన కొత్తలో ఆ సంగతి తెలిసి, నా గదిలోనే ఉండే మా క్లాసు అమ్మాయి తన మంచం నాకు దూరంగా కిటికీ వైపు జరుపుకుంది.

బాధేసింది. మర్నాడు మేడమ్ గారి అనుమతి తీసుకుని క్లాసులో నిలబడ్డాను.

"ఇది అంటుకునే జబ్బు కాదు. మా అమ్మానాన్నలకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇద్దరి రక్తంలోనూ ఈ లోపం ఉంది, అందుకే నాకొచ్చింది. పెళ్లికి ముందే వాళ్లకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు" అన్నాను.

ముందుగా లేచింది ఆ అమ్మాయే. "మరి మాకుందో లేదో ఎట్టా తెలుస్తదే?"

"రక్తపరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది."

"అయితే పోదాం పద!"

ఆ వారంలోనే క్లాసంతా ఆటోలెక్కి వెళ్లి పరీక్ష చేయించుకున్నారు. ఆ లోపం నా గదిలో అమ్మాయి రక్తంలోనూ ఉందని తేలింది. రిపోర్టులు తీసుకుని తిరిగొస్తుంటే, ఆటోలో తన రిపోర్టు చూసి ఆమె మొహం పాలిపోయింది.

"భయపడకే, నీకేం కాదు. చేసుకోబోయేవాడికి కూడా పరీక్ష చేయించు, చాలు" అన్నాను.

"అయితే పెళ్లిచూపుల్లో నేను పాట పాడేది లేదు. ముందు వాణ్ణి రిపోర్టు తెమ్మను!" అంది. ఆటోలో అందరం పగలబడి నవ్వాం.

తర్వాత పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు నన్ను మాట్లాడమని పిలిచారు. ఆమె కూడా వచ్చి నా పక్కన నిలబడి, తన సంగతి తనే గట్టిగా చెప్పింది.