అంటుకోని పెనం

ఏడో తరగతి దాకా చదివినా ఒక్క ముక్క నాకు అంటుకోలేదు. పొంగణాల పెనంగా పుట్టి ఉంటే మంచి పేరు వచ్చేది.

తొంభైల్లో మా ఆవిడ ఉదయగిరి బస్టాండు దగ్గర పొంగణాల అంగడి పెట్టాలనుకుంది. కొత్తగా కొన్న పోత ఇనుప పెనంలో గుంతలు గరుకుగా ఉండి, పొంగణాలు అంటుకుని ముక్కలుగా ఊడొచ్చాయి. అవి అమ్మితే మొదటిరోజే అంగడి మూసుకోవాలి. నున్నగా అరిగిన పాత పెనం కోసం ఇద్దరం ఆత్మకూరులో పాత ఇనప సామాన్ల అంగడికి వెళ్లాం.

ఆమె కళ్లు మూసుకుని ఒక్కో గుంతలో వేలు తిప్పుతుంది. గరుకు తగిలిందా, ఆ పెనం పక్కకే.

"ఏందమ్మా, ఇనుముకు నాడి చూస్తా ఉండావా?" అన్నాడు అంగడాయన.

చివరికి ఎవరింట్లోనో తరాలపాటు కాలిన నల్లటి పెనంలో ఆమె వేలు జర్రున జారింది. "ఇదే" అంది.

మర్నాడు తొలి వాయిలోనే, పుల్లతో అలా పొడిస్తే పొంగణాలు గిర్రున తిరిగాయి. బస్సు దిగినవాళ్లు మూగారు. వేడిది ఒకటి నోట్లో వేసుకుని ఊరుకోలేకపోయాను.

"పెళ్లిచూపుల్లో నన్ను ఈ పెనాన్ని చూసినంతసేపు చూడలేదు గదా నువ్వు!"

ఆమె తలెత్తకుండానే అంది:

"పెనాన్ని నేను ఎంచుకున్నా మావా. నిన్ను మా నాయన ఎంచినాడు."