ఈరక్క దిన్నె మీద పుట్టగొడుగులు

నిన్న మధ్యాహ్నం పావగడ బస్సులో ఉండగా వాన పట్టుకుంది. తిరుమణి దాటాక కిటికీ సందులోంచి తడి మట్టి వాసన వచ్చింది. దాని వెనకే ఇంకో వాసన, పుట్ట తడిసినప్పుడు మాత్రమే వచ్చే ముతక వాసన. పక్కసీటాయన ఫోనులో వార్తలు వింటున్నాడు. రోడ్డు పొడవునా లేఅవుట్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయని అందులో ఎవరో అమ్మాయి చెబుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడ పడితే అక్కడ, ఎప్పుడు పడితే అప్పుడు ఊరికే లేచేది పుట్టగొడుగు కాదు. అది ఎలా పుడుతుందో తెలిసినవాళ్లెవరూ ఆ మాట వాడరు. నాకు తెలియజెప్పింది మా పక్కింటి ఈరక్క. మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. ఆమె పోయి ఏడాదిన్నర అయింది. తలుచుకుంటే ఏడుపు రావాలి, నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను అరసికెరె నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాక మొదటి వానాకాలం. మా పుట్టిల్లు వేరుశనగ పండించే ఇల్లు. మా నాన్నకు చెద అంటే పగ, పొలంలో పుట్ట కనిపిస్తే తవ్వించి మందు పోయించేవాడు. ఊరికి పడమట గొర్రెలు మేసే గడ్డి దిన్నె ఒకటుంది, అక్కడ పుట్టగొడుగులు లేచాయని విని నేను గడ్డపార తీసుకుని పోయాను. పుట్ట మొదట్లో గుంపుగా ఉన్నాయి. వేళ్లతో సహా తీద్దామని గడ్డపార దించానో లేదో, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని లాక్కుని అవతల విసిరేసింది. గొర్రెలు తోలుకొచ్చిన ఈరక్క. "మా పక్కింటి కొత్త కోడలివి గదా మే నువ్వు? అన్నం పెట్టే ఇంట్లో గునపం దించుతావా?" అంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆమె ఓదార్చలేదు, కూర్చోబెట్టి నేర్పింది. కాడను రెండు వేళ్లతో పట్టి మెల్లగా తిప్పి తీయాలి. విప్పారిన గొడుగుల్ని వదిలెయ్యాలి. తీసిన చోట మట్టి పూడ్చి అరచేత్తో తట్టాలి. చెదలు ఎండుగడ్డి మోసుకుపోయి, నమిలి, లోపల దాని మీద బూజు పెంచుతాయనీ, ఆ బూజే వాటి పంట అనీ, వానలు పడ్డాక పైకి లేచిందే మన వంతనీ చెప్పింది. మా నాన్న పుట్టలు తవ్విస్తాడని చెబితే, "మీ నాయన ఒక్కడే రైతనుకుంటుండాడేమో. ఇవీ సేద్యం చేసేటివే" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఈరక్కది మంచి నోరు అని ఎవరూ అనరు. సంచులు తీసుకుని మోటారు సైకిళ్ల మీద వచ్చే పట్నం కుర్రాళ్లను కర్ర పట్టుకుని తరిమేది. పుట్ట తవ్వినవాడి ఇంటి ముందు నిలబడి, వాడు బయటికి వచ్చేదాకా తిట్టేది. ఏ పుట్ట ఏ వానకు లేస్తుందో, ఏది పోయిన ఏడు అలిసిపోయి ఈ ఏడు ఊరుకుంటుందో ఆమెకు తెలుసు. తినేవాటికీ కుక్కగొడుగులకూ తేడా వాసన చూసి చెప్పడం నాకు నేర్పింది. ప్రతి ఏడూ మొదటి పిడికెడు గోడ మీదుగా మా ఇంటికే వచ్చేది. ఎక్కువ దొరికితే మిద్దె మీద ఎండబెట్టి వేసవికి దాచేది, అందులోనూ నాకు వాటా ఉండేది. ఆమె దగ్గరికి పోకముందు నా కళ్లకు ఆ దిన్నె ఉత్త బీడు. భూమి రికార్డులో, ఇక్కడ పహణీ అంటారు, కూడా దాన్ని 'ఖరాబు', పనికిరాని నేల అనే రాశారని ఒకసారి చెప్పాను. "ఖరాబు యాడుండాదో ఆ రాసినోడి తలకాయలో చూసుకోమను" అంది.

తర్వాత నాకు పంచాయతీ ఆఫీసులో కంప్యూటరు పని దొరికింది. ఒక మే నెలలో మా సరిహద్దుల్లో ఏ చెట్లున్నాయి, ఏ పిట్టలున్నాయి, ఏ గడ్డి ఉంది అని నింపాల్సిన రిజిస్టరు వచ్చింది. మాది కర్ణాటకలోని తెలుగు ఊరు, రిజిస్టరు మాత్రం కన్నడంలో ఉంటుంది. అందులో ఒక గడి 'అణబె', అంటే పుట్టగొడుగు. వివరాలు చూడటానికి వచ్చిన మనిషి ఆ నిప్పులాంటి ఎండలో దిన్నె దగ్గర జీపు దిగి, జీపు నీడలోనే పది నిమిషాలు నిలబడి, ఇక్కడేమీ లేదు రాసెయ్యండమ్మా అన్నాడు. నేను ఆ గడిలో 'ఇల్ల' అని కొట్టాను. లేదు. ఒక్క మాట. ఆ రోజు నా టిఫిన్ డబ్బాలో ఉన్నది ఈరక్క ఇచ్చిన ఎండు పుట్టగొడుగుల గొజ్జు. అది తిని, చెయ్యి కడుక్కుని, అదే చేత్తో కొట్టాను. నన్నెవరూ బెదిరించలేదు. రిజిస్టరంటే పెద్దవాళ్లకు తెలిసిన సంగతులు రాసేదనుకున్నాను. గోడ అవతలి మనిషికి తెలిసింది నా కంటికి ఆనలేదు. మూర్ఖులకు చదువొకటి తోడైతే ఇలాగే ఉంటుంది.

రెండేళ్లకు, అప్పటికే చుట్టూ పొలాల్లో వేసిన సోలార్ పలకలు ఆ దిన్నె మీద కూడా వేస్తారని గ్రామసభ పెట్టారు. వాటికోసం సొంత పట్టా పొలాలు లీజుకిచ్చినవాళ్లను ఈరక్క ఎన్నడూ తప్పుపట్టలేదు, వానలు మోసం చేసిన నేల మీద వాళ్లు మాత్రం ఏం చేస్తారనేది. దిన్నె ఒక్కటి వదలండి అని అడగడానికి, ఎండు పుట్టగొడుగులు కొంగులో మూటగట్టుకుని వచ్చింది. వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడే. ఆమె చెప్పిందంతా విని, రిజిస్టరు తీసి, ఆ పేజీ చదివి, ఇక్కడ అలాంటివేమీ లేవని మీ పంచాయతీవాళ్లే రాసిచ్చారు కదమ్మా అన్నాడు. ఈరక్క సభ నలువైపులా చూసింది. "ఎవురప్పా రాసింది?" అని అడిగింది.  నేను పక్క బల్ల దగ్గర కూర్చుని సభలో జరిగింది రాస్తున్నాను. తల ఎత్తలేదు. లేచి, నేనే తప్పు రాశానని ఒక్క మాట అని ఉంటే దిన్నె మిగిలేదో లేదో తెలియదు. అనలేదు, అంతే. నా కలం ఆగకుండా రాస్తూనే ఉంది.

రాసింది నేనేనని సాయంత్రానికి ఎవరో ఆమె చెవిన వేశారు. గోడ అవతల వచ్చి నిలబడింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "తప్పు రాసినావని కాదు మే నాకు కోపం. అడగకుండా రాసినావే. గోడ పక్కనే ఉండాను గదా" అంది. లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ గోడ మీదుగా నాకేమీ అందించలేదు.

దిన్నెను చదును చేసిన రోజు పొద్దున గుత్తేదారు మనుషులు పుట్టలకు పసుపు పూసి, పాలు పోసి, దండం పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి జేసీబీతో నేలమట్టం చేశారు. ఆ భక్తి తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు కొరుక్కుంటాను. మేత లేక ఈరక్క గొర్రెలను అమ్మేసి, ఆ పలకల కిందే గడ్డి కోసే కూలికి పోయింది. తర్వాతి వానకు వరసల మధ్య ఒకచోట పుట్టగొడుగులు లేచాయట. నేల కింద ఏదో ఒక గూడు బతికే ఉందన్నమాట. ఆమె చుట్టూ రాళ్లు పేర్చి కాపాడుకుంది. గడ్డితో పాటు వాటి మీదా మందు కొట్టమని సూపర్‌వైజరు డబ్బా చేతికిస్తే, దాన్ని కింద పెట్టి ఇంటికి వచ్చేసింది. మందు ఇంకెవరో కొట్టారు. మరుసటి ఏడు అక్కడ ఏమీ లేవలేదు. ఆమె జబ్బున పడ్డాక రోజూ గంజి తీసుకెళ్లేదాన్ని. తాగేది, ఊరి సంగతులు మాట్లాడేది, ఆ సంగతి మాత్రం ఎత్తేది కాదు. నన్ను క్షమించలేదు. క్షమించి ఉంటే నేను హాయిగా మరిచిపోయేదాన్నే, నా సంగతి నాకు తెలుసు.

ఈ ఏడు ఆ రిజిస్టరు కొత్తగా నింపమని మళ్లీ వచ్చింది, మళ్లీ ఎండాకాలంలోనే. పాత జవాబులన్నీ కంప్యూటరు తనంతట తనే నింపిపెట్టింది. నేను కుర్చీలో కూర్చుని నింపనన్నాను. వానలు పడేదాకా ఆపాను. ఆలస్యానికి సంజాయిషీ ఇమ్మని కాగితం వస్తే ఇచ్చాను. ఊళ్లో ఇంకా గొర్రెలున్న నాలుగిళ్లకూ తిరిగి, వాళ్ల వెంట నడిచి, క్యాతగానచెర్లు దారిలో సోలార్ కంచె బయట మిగిలిన చిన్న గడ్డి చెక్కలో రెండు పుట్టలు చూసి, చెప్పినవాళ్ల పేర్లతో సహా రాశాను. తర్వాత రిజిస్టరులో దిన్నె గడికి వచ్చాను. 'ఇల్ల' చెరిపేసి, కన్నడంలో ఇలా రాశాను: ఉండేవి. ఉన్న రోజుల్లో, తెలిసిన మనిషిని అడగకుండా, లేవని రాసింది నేను. కింద నా పేరు పెట్టాను.

పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోను చేశాడు. పోయినవాటికి అందులో చోటు లేదు మేడం, ఆ వాక్యం తీసేయండి అన్నాడు.

"నేను తీయను సార్. మీరే వచ్చి తీసేయండి. తీసిందెవరో పక్కన పేరు రాయండి" అన్నాను.

ఇంతవరకూ ఎవరూ రాలేదు.