మా బావ కోసిన ఇరుసు

మా అక్క భర్త, ఆదోనిలో నాతో కలిసి లేత్ షాపు నడిపిన మా బావ, పోయిన వారం గుండె ఆగి కన్నుమూశాడు. కబురు విని వచ్చినవాళ్లలో సగంమంది ఆయనతో విసిగి వేసారినవాళ్లే. అందరికంటే ఎక్కువ వేసారినవాణ్ణి నేను. ఆ హక్కుతోనే ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బావ బెంగుళూరులో విమానాలు బాగుచేసే కార్ఖానాలో పనిచేశాడు. ఇంజన్లకూ చక్రాలకూ కావలసిన భాగాలను లేత్ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా తీసేవాడు. యుద్ధం ముగిశాక ఆదోనికి వచ్చాడు కానీ, ఆ కార్ఖానా ఆయన తలలోంచి దిగలేదు. షాపు మూసేముందు ప్రతి పనిముట్టూ దాని మేకుకు వేలాడాల్సిందే. ఒక్క స్పానరు కనబడకపోయినా ఇంటికి పోనిచ్చేవాడు కాదు. అక్కడైతే, మరిచిన స్పానరు ఇంజనులో ఉండిపోతే విమానం కూలుతుందట.

"ఇది ఎద్దులబండి సామాను బావా, యాడికీ ఎగరదు," అనేవాణ్ణి ఆకలితో కడుపు మాడుతుంటే.

"ఎగరకపోతే ఏమి అబ్బీ, పక్కన మనుషులుండరా?" అనేవాడు బల్ల కింద దూరి వెతుకుతూ.

మంచివాడే. కాదని ఎవరైనా అంటే ఊరుకోను. కానీ ఆయనతో వేగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఇరుసు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎమ్మిగనూరులో పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు సాహుకారు ఒకాయన ఉండేవాడు. మా రెండు ఇళ్లూ ఆయనిచ్చే పనితోనే గడిచేవి. కర్నూలు రాజధాని అయిన ఏడు, పత్తి వచ్చిపడే రోజుల్లో, యంత్రం ఇరుసు చప్పుడు చేస్తోందని తెచ్చాడు. అరిగినచోట సరిచేస్తే చాలన్నాడు. బావ దాన్ని నూనెలో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూసి కూర్చున్నాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద సన్నని నల్లగీత తేలింది. లోపల పగులుంది, అందులో చేరిన నూనే అలా పైకి ఊరింది.

వెల్డింగు పెట్టి ఇవ్వమన్నాడు సాహుకారు. లేకపోతే సీజను పోతుందన్నాడు. పగిలిన భాగాన్ని ఎవరూ మళ్లీ బిగించకుండా అక్కడికక్కడే ముక్కలు చేయడం విమానాల కార్ఖానా పద్ధతి. బావ ఇరుసును లేత్‌కు బిగించి, సాహుకారు టీ తాగి వచ్చేలోపల రెండు ముక్కలు చేసిపెట్టాడు.

"నా సామాను కోసేకి నువ్వెవరప్పా? నన్ను అడిగితివా?" అని సాహుకారు అరిచాడు.

"అడిగితే వద్దంటావు కదన్నా," అన్నాడు బావ.

అదీ ఆయన జవాబు. నేను నెత్తి కొట్టుకున్నాను. బొంబాయి నుంచి కొత్త ఇరుసు వచ్చేదాకా మిల్లు ఆగిపోయింది. సాహుకారు మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ ఏడంతా బండి ఇరుసులతో, బావుల గిలకలతో ఎలాగో నెట్టుకొచ్చాం. బావ మాత్రం హాయిగా గురకపెట్టి నిద్రపోయేవాడు.

బావ చావుకు కూడా సాహుకారు రాలేదు. ఆయన మిల్లులో కూలికి పోయే ఒకామె ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చింది. తలలో ఇంకా పత్తిపీచు ఉంది. ఆమెను నేనెన్నడూ చూడలేదు.

"మిల్లు నిలిచిపోయి కూలి పాయనని ఈ యప్పను శానా తిట్టుకుంటినన్నా," అంది. "పిల్లోళ్లకు గంజి పోసి పండబెట్టినా. తర్వాత మా మేస్త్రీ సెప్పినాడు, ఆ ఇరుసు తిరగతా తిరగతానే ఇరిగిపోయేదంట. దాని పక్కన కూసోని పత్తి ఏసేది నేనే."

ఆమె కొంగుమూట విప్పి, బంతిపూలు రెండు చేతులా తీసి, బావ పాదాల మీద ఒక్కొక్కటే సర్దుతోంది. నేను ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను.